సెట్‌టాప్ బాక్సులో ఎర్ర లైటు టిక్కుటిక్కుమంటోంది, కండెన్సర్లు ఉబ్బలేదు: ఏవి మార్చాలి?

సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఫ్రీ డిష్ బాక్సు, నాలుగేళ్ల నాటిది. పొద్దున్న స్విచ్ వేస్తే ముందున్న ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, లోపల సన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు. అలాగే వదిలేస్తే అరగంటకో గంటకో దానంతటదే బొమ్మ వచ్చేది, ఈమధ్య అదీ లేదు. మూత తీసి చూస్తే కండెన్సర్లేవీ ఉబ్బలేదు. చూసిన మెకానిక్కు "సప్లై బోర్డు మొత్తం మార్చేయాలి" అన్నారట. సోల్డరింగ్ కొంచెం వచ్చు, మల్టీమీటరు ఉంది. కండెన్సర్లు మారిస్తే సరిపోద్దా, బోర్డే మార్చాలా అని అడుగుతున్నారు.

సరిపోతుందండి. చల్లగా ఉన్నప్పుడు రాకుండా, వేడెక్కాక వచ్చే బాక్సుకి జబ్బు కెపాసిటర్లలోనే (మీరు కండెన్సర్లన్నవి ఇవే) ఉంటుంది, దాదాపు ఖాయంగా. మార్చాల్సినవి మూడు: పవర్ ఐసీ పక్కన నిలబడ్డ చిటికెన వేలి గోరంత కెపాసిటర్, 5 వోల్టుల లైనులో డయోడ్ వెంటనే ఉన్న పెద్దది, దాని పక్కన చిన్న కాయిల్ దాటాక ఉన్న రెండోది. 400 వోల్టుల పెద్దదాన్ని కొలిచి చూసి, అవసరమైతేనే మార్చండి. మొత్తం సామానుకి పెద్ద ఖర్చేమీ కాదు.

"ఉబ్బలేదు కాబట్టి బాగున్నట్టే" అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. కెపాసిటర్ ఉబ్బాలంటే లోపల గ్యాసు పుట్టాలి. పెద్ద డబ్బాలకి పైన గీతలు గీసి ఉంటాయి, గ్యాసు ఒత్తిడికి అవి పైకి లేస్తాయి. 5 మిల్లీమీటర్ల మందం ఉండే బుడ్డ కెపాసిటర్లకి చాలావాటికి ఆ గీతలే ఉండవు. అవి ఉబ్బవు, పగలవు, కారవు. లోపల తడి నెమ్మదిగా రబ్బరు బిరడాలోంచి ఆరిపోతుంది, అంతే. పైకి కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది.

చల్లగా ఉంటే ఎందుకు రాదో ఒక్క మాటలో చెబుతాను, అది తెలిస్తే వెతకడం సులువు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకుల మధ్య కాగితం, ఆ కాగితానికి పట్టిన ద్రవం ఉంటాయి. ద్రవం ఆరేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. దీన్నే ఈఎస్ఆర్ అంటారు. మిగిలిన ఆ కాస్త ద్రవం చల్లగా ఉంటే ఈఎస్ఆర్ ఇంకా ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. మీ బాక్సు అరగంట టిక్కుటిక్కుమంటూ చేసిన పని ఏమిటంటే, ఆ కెపాసిటర్‌ని కాచుకోవడం. ఇప్పుడు కాచినా పనికిరానంతగా ఆరిపోయింది.

ఆ టిక్కు ఎక్కడి నుంచి వస్తుందంటే, ప్లగ్గు పెట్టగానే ఇంటి కరెంటు వైపు నుంచి సన్నటి కరెంటు ఆ బుడ్డ కెపాసిటర్‌ని నింపుతుంది. ఐసీ రకాన్ని బట్టి ఆ కరెంటు బయటి రెసిస్టర్ ద్వారా రావచ్చు, ఐసీ లోపలి నుంచే రావచ్చు. బాగా వాడే వైపర్22 ఐసీనే తీసుకుంటే, సుమారు 14.5 వోల్టులకి చేరగానే ఐసీ లేచి పని మొదలెడుతుంది. ఇక అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇంకో చుట్టు దానికి సప్లై ఇచ్చేదాకా కెపాసిటర్‌లో దాచుకున్నదాంతోనే నెట్టుకురావాలి. కెపాసిటర్ ఆరిపోయి ఉంటే ఆ నిల్వ క్షణంలో ఖర్చయి వోల్టేజి 8 కిందికి పడుతుంది, ఐసీ ఆగిపోతుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఒక్కో లేవడానికి ఒక్కో టిక్కు, లైటు ఒక్కసారి మినుకు.

అయితే ఇదే టిక్కు ఇంకో కారణంతో కూడా వస్తుంది. అవుట్‌పుట్‌లో ఎక్కడైనా షార్ట్ ఉంటే ఐసీ భయపడి ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. చప్పుడులో తేడా తెలియదు. అందుకే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు రెండు పరీక్షలు చేయండి.

మూత తీయకముందే. ప్లగ్గు తీసి, వెనక డిష్ కేబులు విప్పేసి, అప్పుడు స్విచ్ వేయండి. బాక్సు మామూలుగా లేచి "సిగ్నల్ లేదు" అని చూపిస్తే రోగం బాక్సులో లేదు. ఎల్‌ఎన్‌బీలోనో (డిష్ ముందు బిగించి ఉండే, సిగ్నల్ పట్టే ముక్క), కేబులు కొనలోనో షార్ట్ ఉంది. బారువా, కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం గాలికి ఆ స్క్రూ కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టి, వానాకాలంలో నీళ్లు చేరి నడి తీగా జాలీ కలిసిపోవడం మామూలే. కొన కోసి కొత్త కనెక్టర్ వేసి, పైన టేపు కట్టి, కేబులుని కిందికి ఒక వంపు తిప్పి వదిలితే నీరు లోపలికి పోదు.

రెండోది, మీ బాక్సుకి లోపల సప్లై లేకుండా బయట 12 వోల్టుల అడాప్టర్ ఉంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. ఊరికే కొలిస్తే 12 చూపిస్తుంది, బాక్సుకి తగిలించగానే 8కో 9కో పడిపోతుంది. అంతే ఆంపియర్లు లేదా ఎక్కువున్న, పిన్ను సైజూ ప్లస్ మైనస్‌లూ అవే ఉన్న ఇంకో 12 వోల్టుల అడాప్టర్ పెట్టి చూడండి. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మీ మాటల్ని బట్టి సప్లై లోపలే ఉన్నట్టుంది కాబట్టి ముందుకెళదాం.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ప్లగ్గు తీసినా 400 వోల్టుల కెపాసిటర్‌లో కరెంటు ఉంటుంది. మన ఇంటి 230 వోల్టులు డయోడ్లు దాటాక 325 వోల్టుల డీసీ అవుతుంది. బాక్సు మామూలుగా నడుస్తుంటే ప్లగ్గు తీయగానే ఖాళీ అవుతుంది. కానీ మీ బాక్సులా లేవలేక చతికిలబడ్డదానిలో ఆ ఛార్జిని వాడేవాళ్లు లేరు, నిమిషాల తరబడి అలాగే కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఠాప్ అనిపించడం మన దగ్గర అలవాటే గానీ, దాంతో ట్రాకు ఎగిరిపోవచ్చు, డ్రైవరు మొన కరిగి కంట్లో పడవచ్చు. 2.2 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కొనుక్కుని, కాళ్లకి ఇన్సులేషన్ తొడిగి, బోర్డు కింద ఆ కెపాసిటర్ రెండు పిన్నుల మీద ఐదు సెకన్లు ఆనించండి. తర్వాత మీటరు 600 లేదా 1000 వోల్టుల డీసీలో పెట్టి, 5 వోల్టుల కిందికి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. సప్లై బోర్డులో ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్లగ్గు వైపు సగం ఎప్పుడూ ప్రమాదమే. నడుస్తుండగా అక్కడ వేలు పెట్టొద్దు, కొలవాల్సి వస్తే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని కొలవండి.

ఇక బోర్డు ముందు పెట్టుకోండి. మంచి లైటు కింద, కళ్లద్దాలుంటే పెట్టుకుని. ప్లగ్గు వైర్లు వచ్చే చోట ఫ్యూజు, దాని తర్వాత నల్లటి నాలుగు డయోడ్లు, వాటి పక్కన 400 వోల్టులని రాసున్న డబ్బా. ఆ తర్వాత ఎనిమిది కాళ్ల ఐసీ, దాన్ని ఆనుకుని 22 లేదా 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల బుడ్డది. మనం వెతికేది అదే. ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల లావు కాళ్ల డయోడ్, వెంటనే 1000 మైక్రోఫారడ్ 10 లేదా 16 వోల్టులది, చిన్న కాయిల్, మళ్లీ 470 లేదా 1000. కొన్ని బోర్డుల్లో 12, 3.3 వోల్టులకీ, ఎల్‌ఎన్‌బీకి పోయే 20 పైచిలుకు వోల్టులకీ విడివిడి లైన్లుంటాయి. మెయిన్ బోర్డుకి (ప్రాసెసర్ ఉండే బోర్డు) పోయే కనెక్టర్ పక్కన ఏ పిన్ను ఎన్ని వోల్టులో అచ్చువేసి ఉంటుంది.

ఐసీ మీద నంబరు టీఎన్‌వైతో మొదలైతే అది టైనీస్విచ్ రకం. దానికి ఈ బుడ్డ ఎలక్ట్రోలిటిక్ అక్కర్లేదు, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి ఉంటుంది, అది అంత త్వరగా పోదు. అప్పుడు అవుట్‌పుట్ వైపు రెండింటి మీదే దృష్టి పెట్టండి.

కెపాసిటర్ల మొదట్లో గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆగి చూడండి. చాలామంది దాన్ని కారిన ద్రవం అనుకుంటారు. అది డబ్బా కదలకుండా కంపెనీలో పెట్టిన గమ్. కొత్తలో తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది, ఏళ్ల తరబడి వేడికి ముదురు గోధుమరంగు తిరుగుతుంది. అలా తిరిగాక దానికి కరెంటు పారే గుణం వస్తుంది, కింద రెసిస్టర్ల కాళ్లని తినేస్తుంది కూడా. చెక్క పుల్లతో మెల్లగా గీకి తీసేయండి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తడిపిన బ్రష్‌తో రుద్దండి. కెపాసిటర్లన్నీ మార్చినా టిక్కు ఆగలేదంటే కొన్నిసార్లు దొంగ ఈ జిగురే.

మామూలు మల్టీమీటర్‌తో కెపాసిటర్ బాగుందో లేదో తేల్చడం కష్టం. కెపాసిటీ రేంజి ఉన్న మీటర్ 1000 రాసున్నదాన్ని 930 అని చూపిస్తుంది, చూసి బాగుందనుకుంటాం. కానీ ఈఎస్ఆర్ 3 ఓమ్‌లకి పెరిగి ఉండవచ్చు. మంచి 1000/16కి అది ఒక ఓమ్‌లో పదోవంతుకి అటూఇటూ ఉండాలి. ఈఎస్ఆర్ మీటరు ఉంటే మేలు, లేదంటే రెండు నాటు పద్ధతులున్నాయి.

ఒకటి, ప్లగ్గు తీసి ఛార్జి తీసేసి, అనుమానం ఉన్నదాని కిందే బోర్డు అడుగున అదే విలువ ఉన్న కొత్తదాన్ని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ వచ్చేలా తాత్కాలికంగా అతికించండి. బాక్సు లేచిందంటే దొరికినట్టే. రెండోది హెయిర్ డ్రయ్యర్. బాక్సు ఆపేసి ఆ ఒక్క కెపాసిటర్ మీదికి నిమిషం సేపు వేడిగాలి కొట్టి, వెంటనే స్విచ్ వేయండి. అరగంట పట్టేది అప్పుడే లేచిందంటే నేరుగా దాన్నే పట్టుకున్నట్టు. డ్రయ్యర్ ముక్కుకి అట్టతో గొట్టంలా చుడితే గాలి పక్కవాటికి పోదు.

అవుట్‌పుట్ వోల్టేజి కొలిచేటప్పుడు కూడా మోసపోవద్దు. మెయిన్ బోర్డు కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 5.05 కనిపిస్తుంది, సప్లై బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. భారం మీద కొలవాలి. 10 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య కలిపితే అర ఆంపియర్ లాగుతుంది. అప్పుడు 4.75 తగ్గకూడదు.  భారం మీద కూడా 5 సరిగ్గానే చూపిస్తూ బాక్సు మాత్రం రీస్టార్ట్ అవుతుంటే, కెపాసిటర్ ఆరిపోయి వోల్టేజి సెకనుకి వేలసార్లు పడి లేస్తోందని అర్థం. మీటరు దాని సగటునే చూపిస్తుంది, ప్రాసెసర్ మాత్రం ఆ గుంటల్లో పడి చస్తుంది. చవక మీటర్ల ఏసీ రేంజిలో ఈ రిపిల్ సరిగ్గా కనబడదు, దాని మీద ఆధారపడకండి.

కొనేటప్పుడు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎలక్ట్రానిక్ స్పేర్లు అమ్మే కొట్టుకెళ్లి "వెయ్యి బై పదహారు, నూట ఐదు డిగ్రీలది, లో ఈఎస్ఆర్" అని అడగండి. ఊరికే కండెన్సర్ అంటే ఫ్యాన్‌కి వేసే 2.5 మైక్రోఫారడ్ది చేతిలో పెడతారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. పాతదాని మీద 10 వోల్టులుంటే 16 వోల్టులది వేయడం మంచిదే. వోల్టేజి పెంచవచ్చు గానీ ఎప్పుడూ తగ్గించకూడదు. మైక్రోఫారడ్ అవుట్‌పుట్ వైపు ఒక యాభై శాతం పెరిగినా పరవాలేదు. ఐసీ పక్కదానికి మాత్రం రాసున్న విలువే వేయండి. మరీ పెంచితే నిండడానికి టైం పట్టి బాక్సు ఆలస్యంగా లేస్తుంది.

కొలతలు చూసుకోవడం మరిచిపోవద్దు. 8 మిల్లీమీటర్ల మందం డబ్బాకి కాళ్ల మధ్య 3.5 మిల్లీమీటర్లు ఉంటుంది, 10 మిల్లీమీటర్లదానికి 5. వోల్టేజి పెరిగితే డబ్బా కూడా పెద్దదవుతుంది. సన్నటి బాక్సుల్లో ఎత్తు ఎక్కువైతే రేకు మూత తగులుతుంది. పాతది జేబులో వేసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవడం అన్నిటికంటే సులువు.

పెద్దది, అంటే 400 వోల్టులది, మార్చాల్సి వస్తే 450 వోల్టులది దొరికితే ఇంకా మంచిది. 230 వోల్టులకే చేసిన సప్లైలో వాటుకి ఒక మైక్రోఫారడ్ ఉండాలని లెక్క. తక్కువ వోల్టేజిలో కూడా నడవాలంటే రెండు మూడు. చవక బాక్సుల్లో 10 మాత్రమే వేసి వదిలేస్తారు. సాయంత్రం మోటార్లు వేసేసరికి 160, 170కి పడిపోయే ఊళ్లలో ఆ 10 చాలదు, అది కాస్త ఆరితే అసలు చాలదు. సాయంత్రం రాని బాక్సు రాత్రి పదకొండింటికి వస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. 22 వేయండి. అంతకు మించి పోవద్దు, స్విచ్ వేసిన క్షణంలో లాగే కరెంటుకి డయోడ్లూ ఫ్యూజూ పోతాయి. పాత సీఎఫ్ఎల్ బల్బులోంచి పీకిన 400 వోల్టుల కెపాసిటర్ వేయడం కొన్నిచోట్ల చూస్తుంటాం. అది ఎక్కువగా చిన్న విలువదే, పైగా బల్బు మొదట్లో ఏళ్లపాటు ఉడికింది. వద్దు.

తీయడం, వేయడం. ముందు ఫోన్‌తో పై నుంచి నిటారుగా ఒక ఫోటో తీసుకోండి. డబ్బా మీద చార ఉన్న వైపు మైనస్. బోర్డు మీద ఎక్కువగా మైనస్ వైపు అర్ధచంద్రాన్ని తెల్లగా నింపి ఉంటారు, కానీ కొన్ని బోర్డుల్లో తిరగేసి ఉంటుంది. అందుకే బోర్డు గుర్తుని కాదు, తీసేముందు పాతది ఎలా ఉందో దాన్నే నమ్మండి. తిరగేసి వేస్తే స్విచ్ వేసిన కొద్ది క్షణాల్లోనే పేలుతుంది.

25 వాట్ల ఐరన్ సప్లై బోర్డుకి చాలు. కంపెనీ టంకం సీసం లేనిది, 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మొండికేస్తుంది. మన 60/40 లెడ్డు తీగ 190 లోపే కరుగుతుంది. కాబట్టి ముందు ఆ పిన్నుల మీద కొంచెం కొత్త లెడ్డు పెట్టి పాతదానితో కలవనివ్వండి. మబ్బుగా ఉన్న టంకం ఒక్కసారి వెండిలా మెరుస్తుంది, అప్పుడు రెండూ కలిసినట్టు. వెంటనే పంపుతో పీల్చండి. ఒక కాలు కరిగించి డబ్బాని ఒక పక్కకి వంచడం, రెండో కాలు కరిగించి ఇంకో పక్కకి వంచడం, అలా నడిపిస్తూ బయటికి తీయాలి. గట్టిగా లాగితే కాలుతోపాటు రాగి కూడా ఊడొస్తుంది. సప్లై బోర్డు ఒకే పొర కాబట్టి ట్రాకు ఊడినా తీగ వేసి బాగుచేయవచ్చు. మెయిన్ బోర్డు మీద అలా కాదు, గ్రౌండ్ పిన్ను వేడినంతా మింగేస్తుంది, 25 వాట్లు చాలదు. అనుభవం లేకపోతే దాని జోలికి పోకండి.

కొత్తది బోర్డుకి ఆనేలా కూర్చోబెట్టి, కాళ్లు కొంచెం విడదీసి, ఒక్కోదానికి రెండు మూడు సెకన్లలో టంకం వేసేయండి. టంకం కాలు చుట్టూ కొండ వాలులా కూర్చోవాలి, గోళీలా కాదు. మిగిలిన కాళ్లు కత్తిరించి, ఆ ముక్కలు లెక్కపెట్టుకోండి. ఒక ముక్క బోర్డు కింద ఉండిపోయి ఇంకో రిపేరు తెచ్చిన సందర్భాలున్నాయి.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. 60 వాట్ల పాత తీగ బల్బుని సిరీస్‌లో పెట్టి ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోతే మంచిది. నిండుగా వెలుగుతూ ఉంటే లోపల షార్ట్, వెంటనే ఆపేయండి, బల్బు అడ్డం ఉంది కాబట్టి ఇంకేమీ కాలదు. అప్పుడు కూడా మెయిన్ బోర్డు కనెక్టర్ ఊడదీసే ఉంచి, 10 ఓమ్ రెసిస్టర్ భారం మీద 5 వోల్టులు చూడండి. వోల్టేజిని అదుపులో ఉంచే ఆప్టోకప్లర్ పీసీ817 గానీ, టీఎల్431 గానీ పోయి ఉంటే వోల్టేజి అదుపు తప్పి 7, 8కి ఎగబాకుతుంది. ఆ వోల్టేజి మెయిన్ బోర్డుకి వెళ్లిందా, ఇక బాక్సు చెత్తబుట్టలోకే. మీ పాత 10 వోల్టుల కెపాసిటర్ పగిలి ఉండి ఉంటే ఈ అనుమానం ముందే పెట్టుకోమనేవాణ్ణి. మీది ఉబ్బలేదు కాబట్టి ఆ భయం తక్కువే, అయినా చూడండి.

కెపాసిటర్లు మార్చినా ఫలితం ఉండని చోట్లు కూడా ఉన్నాయి. ఫ్యూజు గాజు లోపల నల్లగా మసిబారి ఉంటే అది గట్టి షార్ట్, ఐసీ గానీ డయోడ్లు గానీ పోయాయి. ఫ్యూజు బదులు తీగ చుట్టడం మాత్రం చేయకండి. అవుట్‌పుట్‌లోని లావు కాళ్ల డయోడ్‌ని ఒక కాలు లేపి డయోడ్ రేంజిలో కొలిస్తే ఒక వైపు 0.15 నుంచి 0.3 మధ్య రావాలి, తిప్పితే ఏమీ రాకూడదు. రెండువైపులా రీడింగు వస్తే అదే మీ టిక్కుకి కారణం, ఎస్‌బీ360 రకం కొత్తది వేస్తే పోతుంది. లైటు నిలకడగా వెలిగి, వోల్టేజిలన్నీ సరిగ్గా ఉండి, లోగో దగ్గరే ఆగిపోతుంటే అది సాఫ్ట్‌వేర్ లేదా ఫ్లాష్ మెమరీ గొడవ. సగం చానళ్లు వచ్చి సగం రాకపోతే ఎల్‌ఎన్‌బీ సప్లై చూడాలి. నిలువు పోలరైజేషన్‌కి 13 వోల్టులు, అడ్డానికి 18 పోవాలి. 18 రావాల్సినప్పుడు 15 దగ్గరే ఆగిపోతుంటే ఆ భాగంలోని 35 వోల్టుల కెపాసిటర్ పోయినట్టే.

ఒకటి మాత్రం ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌కి అటూఇటూ వంతెనలా ఉండే నీలం బిళ్ల. డిష్ కేబులు పట్టుకుంటే సన్నగా జిల్లుమంటుందని కొందరు దాన్ని కత్తిరిస్తారు, కొందరు మామూలు సిరామిక్ బిళ్ల వేస్తారు. అది వై క్లాసు సేఫ్టీ కెపాసిటర్. దాని స్థానంలో వేసిన మామూలుది షార్ట్ అయితే మెయిన్ కరెంటు నేరుగా డిష్‌కీ, టీవీకీ, వాటిని పట్టుకున్న మనిషికీ వస్తుంది.

ఇంత త్వరగా ఎందుకు పోయిందని మీరు అడగలేదు గానీ, కొత్తవి కూడా అదే దారిన పోకుండా చెప్పాలి. మన వైపు అందరూ ఉప్పుగాలి మీద నెపం వేస్తారు. ఉప్పుగాలి కనెక్టర్లనీ స్క్రూలనీ తింటుంది, కెపాసిటర్‌ని చంపేది వేడి. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసున్న కెపాసిటర్ ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా రెట్టింపు బతుకుతుంది. 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు. రిమోట్‌తో ఆపి వదిలేసే ఇంట్లో బాక్సు రోజంతా వేడిగానే ఉంటుంది కాబట్టి అది రెండేళ్లు కూడా కాదు. పది డిగ్రీలు తగ్గించి 65 చేస్తే మూడున్నరేళ్లు దాటుతుంది. అదే 85 డిగ్రీల చవకరకం వేస్తే ఆ 65 దగ్గర కూడా 8000 గంటలే, ఏడాది తిరగదు. కొట్టులో 105 అని పట్టుబట్టమన్నది అందుకే. బాక్సు మీద కుట్టుపని గుడ్డ, దాని మీద పూలకుండీ తీసేయండి, రాత్రి గోడ స్విచ్ ఆపేయండి.

తుపాన్ల తర్వాత వచ్చే చావు వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటిలా స్తంభాలు పడి లైన్లు మళ్లీ వేస్తున్నప్పుడు న్యూట్రల్ ఊడితే, ఇంట్లోకి 230 బదులు 400 దాకా రావచ్చు. డయోడ్లు దాటాక అది 560 పైనే. 400 వోల్టుల కెపాసిటర్ తట్టుకోదు, మూత ఎగిరి కాగితం బయటికొస్తుంది. అలాంటి బోర్డులో ఫ్యూజు, డయోడ్లు, ఐసీ అన్నీ చూడాలి. అక్కడ మాత్రం మీ మెకానిక్కు చెప్పినట్టు బోర్డు మార్చేయడమే లాభం. మీ బాక్సుకి ఆ అవసరం లేదు. ఎప్పుడైనా మార్చినా, కొత్త బోర్డు కనెక్టర్‌లో పిన్నుల వరస పాతదానిలాగే ఉందో లేదో మీటరుతో చూశాకే తగిలించండి. ప్లగ్గు ఒకటే అయినా వరస తేడా ఉండేవి బోలెడు.

మూడూ మార్చాక కూడా టిక్కు ఆగకపోతే ఐసీ మీది నంబరు, మెయిన్ బోర్డు ఊడదీసినప్పుడూ తగిలించినప్పుడూ 5 వోల్టుల లైనులో వచ్చిన రీడింగులు, బోర్డు కింది వైపు వెలుతురులో తీసిన ఫోటో పెట్టండి.